ఖద్దరు కాని ఖద్దరు

2021వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన కేంద్ర ప్రభుత్వపు హోంశాఖవారు ఒక చిన్న ఉత్తరువు వెలువరించిరి. జాతీయపతాకమును గూర్చి 2002లో ఏర్పడిన నియమావళిలో ఒక్క వాక్యమును సవరించుటయే దాని పని. అంతకుముందు ఆ వాక్యమేమనుచుండెను? జాతీయపతాకము చేత వడికి చేత నేసిన ఉన్ని, పత్తి, లేక పట్టు ఖాదీతో చేయబడవలెనని. సవరణ యేమనుచున్నది? చేత వడికి నేసినదైనను, యంత్రముపై చేసినదైనను సరియే. పత్తియైనను, పాలియెస్టరైనను సరియేనని. ‘లేక’ అను నొక మాటను, ‘పాలియెస్టరు’ అను నొక మాటను చేర్చుటకు సిరాబొట్టు చాలును. ఆ బొట్టుక్రింద మునిగిపోయినదేమో చదువరులు నిదానముగా నాలోచింపవలెనని మా మనవి.

గుడ్డ గుడ్డయే గదా, దీనికింత రభస యేల అని కొందరు మిత్రులు మమ్ము నడిగిరి. ఆ మిత్రులు కట్టుకొనిన బట్టలనే ఒకపరి చూచుకొందురుగాక. పడుగున నొక పోగు పైకి, దాని ప్రక్క పోగు క్రిందికి. వానినడుమ పేకపోగు దూరిపోవును. మరుసటి వరుసలో పైది క్రిందికి, క్రిందిది పైకి. ఇదియే సాదానేత. నేతలన్నిటిలో నింతకంటె సులభమైనది లేదు. పోగును పోగు ఇన్నిమారులు పట్టుకొనునదియు వేరొకటి లేదు. కనుకనే అది గట్టిది. బానిసగా నున్న దేశము తన ఒడలు కప్పుకొనుటకు కోరుకొన్నది ఈ సాదానేత గుడ్డనే. కాని యీ నేత లాంకషైరు మిల్లులోను గలదు, బొంబాయి మిల్లులోను గలదు. పడుగు పేకలను బట్టి చూచినచో మిల్లుగుడ్డకును ఖద్దరునకును భేదమే లేదు. భేదమంతయు ఆ పోగు ఎవరి వ్రేళ్ళనడుమ పుట్టినది, ఆ నాడె యెవరి చేతిలో నాడినది అనుదానియందే యున్నది. ఖద్దరు అను పేరు గుడ్డను చెప్పు పేరు కాదు. గుడ్డవెనుక నున్న మనుష్యుని చెప్పు పేరు.

ఇది మా కవిత్వమని యెవరైన ననుకొందురేమో. కాదు, చట్టము. 1956లో ఖాదీ గ్రామపరిశ్రమల కమిషనును స్థాపించిన చట్టము ఖాదీ యనగా నేమో నిర్వచించినది: భారతదేశమున చేత వడకబడిన పత్తి, పట్టు, లేక ఉన్ని నూలుతోగాని, వాని మిశ్రమముతోగాని భారతదేశమున చేమగ్గముపై నేయబడిన గుడ్డ. యంత్రమునకు ఈ నిర్వచనములో తావు లేదు. కిరసనాయిలు పుట్టు ముడినూనెనుండియే పుట్టు పాలియెస్టరునకు అసలే తావు లేదు. 2013లో ఖాదీమార్కు నియమములు వచ్చినవి. ఆ ముద్ర లేనిదే ఖాదీ యని పేరుపెట్టి అమ్మరాదు. మిల్లుగుడ్డకు ఖాదీ పేరు తగిలించిన వర్తకులకు కమిషనువారు నోటీసులిచ్చిరి, న్యాయస్థానములకును పోయిరి. మంచిపని చేసిరి. మరి అదే ప్రభుత్వపు వేరొక శాఖ, దేశమున కెల్ల మిన్నయైన గుడ్డముక్క విషయమున, ఖాదీ నిలువవలసిన స్థలమున యంత్రపు గుడ్డను తెచ్చి నిలువబెట్టినపుడు నోటీసు ఎవరు ఎవరి కియ్యవలెను?

ఇచ్చట మాకొక పాతముచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. 1923 డిసెంబరులో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ప్రక్కనే ఖద్దరు ప్రదర్శనమును ఏర్పాటు చేసిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువకుండుట అచ్చట నొక పదునాలుగేండ్ల బాలికకు అప్పగింపబడిన పని. జవహరులాలు నెహ్రూగారు వచ్చిరి. చేత టిక్కెట్టు లేదు. బాలిక ఆపివేసెను. చుట్టునున్న పెద్దలు గాభరాపడిరి; కాని బాలిక తొలగలేదు. టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే నెహ్రూగారు లోనికి పోయిరి. ఆ బాలికయే తరువాత దుర్గాబాయి దేశముఖ్ అని దేశమున కంతకు తెలిసినది. ఆనాడు ఖద్దరు వాకిట నెహ్రూ అంతవానికిని టిక్కెట్టు లేనిదే ప్రవేశము లేదు. నేడు పాలియెస్టరు ఏ టిక్కెట్టును లేక లోపలికి వచ్చి, పీఠముపై కూర్చుండి, అందరి వందనములను అందుకొనుచున్నది. వాకిట నిలిచి అడ్డువలసినవారే దానికి తలుపు తీసిరి.

ఆంధ్రులకు ఈ విషయమున తక్కినవారికంటె నొక పాలు ఎక్కువ బాధ్యత గలదు. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. కోటి రూపాయల నిధి, కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు అని తీర్మానించినది ఆ సభయే. ఆ సందర్భముననే మచిలీపట్టణపు జాతీయ కళాశాలకు చెందిన పింగళి వెంకయ్యగారిని గాంధీమహాత్ముడు రాట్నము గల జెండానొకదానిని చిత్రించి యిమ్మని యడిగెను. వెంకయ్యగారు మూడు గంటలలో నిచ్చిరని గాంధీగారే ‘యంగ్ ఇండియా’లో వ్రాసిరి. రాట్నమును జెండాపై నుంచవలెనన్న సూచన జలంధరమునకు చెందిన లాలా హంసరాజుగారిది. ఆ జెండా ఖద్దరుతోనే యుండవలెనని గాంధీగారు ఆ వ్యాసమునందే తేల్చిచెప్పిరి. ముతకగుడ్డ ద్వారముననే ఈ దేశము పరదేశపు అంగళ్ళనుండి విడివడునని వారి వాదము. రంగులు మారినవి, వరుసలు మారినవి, 1947 జూలై 22వ తేదీన రాట్నముపోయి అశోకచక్రము వచ్చినది. మారక నిలిచినది గుడ్డ యొక్కటియే. వంద యేండ్లు నిలిచినదానిని 2021లో మార్చిరి.

వెంకయ్యగారిని జనులు ఏమని పిలిచెడివారో తెలియునా? జపాను భాష నేర్చినందున జపాను వెంకయ్య యనిరి. కంబోడియా పత్తిని గూర్చి చేసిన కృషిచేత పత్తి వెంకయ్య యనిరి. పత్తి వెంకయ్య! ఆ పత్తిమనిషి చిత్రించిన జెండాను నేడు ప్రత్తిగింజ మొగము చూడని నూలుతో నేసి, ఆగస్టు 2వ తేదీన ఆయన జయంతియని ఆయన విగ్రహముచుట్టునే తోరణముగా కట్టుచున్నారు. ఈ అపహాస్యమును గమనించువాడొక్కడును లేడా?

ఇక ఖద్దరు వడుకుట యనగా నేమో చూడగోరువారు శ్రీకాకుళము జిల్లా పొందూరుకు పోవలెను. మేము మాటలతో చెప్పగలిగినది కొంచెమే. కొండపత్తియు పునాసపత్తియు అచ్చటి ముడిసరకు. కాయనుండి తీసిన పత్తిని గింజతోడనే ముందు దువ్వుదురు. దేనితో? వాలుగచేప దవడయెముకతో. గోదావరి ప్రాంతమునుండి వచ్చు ఆ యెముకపై నుండు సన్నని పండ్లు పత్తిపీచును ఒకే దిక్కునకు సరిచేయును, చెత్తను తొలగించును. ఈ పని చేయు యంత్రము లేకపోలేదు. కాని ఆ చిన్నదవడ చేసినంత సున్నితముగ చేయునది లేదని వడుకువారు చెప్పుదురు. పిమ్మట గింజ తీయుట, ఏకుట, ఏకులు చుట్టుట. ఏకులు నలగకుండ ఎండిన అరటిడొప్పలో పెట్టుకొని, రాట్నముముందు కూర్చుండి వడుకుదురు. వచ్చిన నూలు నూరవ నంబరు. అంత సన్ననిదారమును నేసిన పంచెను చేతబట్టి చూచినవాడు ఖద్దరనిన ముతకయని మరల నోరెత్తడు. వేసవిలో చెమటను పీల్చును, ఉతికినకొలది మెత్తబడును, సాదానేతయే యైనను అంచు చెదరక యేండ్లు నిలుచును.

ఈ పనియంతయు చేయువారు స్త్రీలు, అందును నడివయస్సు దాటినవారే పెక్కుమంది. కూతుండ్రు నేర్చుకొనుటకు ఇష్టపడుట లేదు. ఏల ఇష్టపడుదురు? ప్రొద్దస్తమానము వంగి కూర్చుండి వడికినను చేతికి వచ్చునది పొలముపనికి పోయినవారి కూలితో పోల్చదగినది కాదు. పంచెను పట్టణపు దుకాణములో అద్దాలపెట్టెలో పెట్టి వేలకు అమ్ముదురు. ఆ వేలలో రాట్నముకడకు తిరిగిపోవునది యెంతయో ఆ అద్దముపై వ్రాసిపెట్టిన దుకాణము నొకదానిని మే మెరుగము. పొందూరు వారసత్వమనుచు, పొందూరు గర్వకారణమనుచు వేదికలపై ఉపన్యసించువారు ఎందరో గలరు. గర్వము వడుకువారికి కూడు పెట్టదు.

పొందూరు పంచెకును పతాకమునకును ఏమి సంబంధమందురా? నేరుగా లేదు. నూరవ నంబరు నూలుతో జెండా నేయరు. జెండాగుడ్డ దట్టమైనది, ధార్వాడ సమీపమున గరగ గ్రామమునను, బాగల్కోట ప్రాంతమునను నేయబడునది. హుబ్బళ్ళిలోని బెంగేరియందు కర్ణాటక ఖాదీ సంయుక్త సంఘమువారు ఆ గుడ్డకు రంగువేసి, చక్రము ముద్రించి, కుట్టి, ప్రమాణముద్రతో దేశమంతటికి పంపుచుండిరి. ఆ ప్రమాణమేదో తెలియునా? స్వాతంత్ర్యము వచ్చిన తరువాత భారత ప్రమాణసంస్థవారు 1951లో వెలువరించిన మొట్టమొదటి ప్రమాణము, ఒకటవ సంఖ్య, జాతీయపతాకమును గూర్చినదే. సిమెంటుకు కాదు, ఇనుమునకు కాదు, ముందు ఈ గుడ్డకు కొలత పెట్టిరి. పోగుల లెక్క, తూకము, బలము, రంగు నిలుకడ అన్నియు అందున్నవి. ఏదైన నొకటి తప్పినచో ఆ జెండా పనికిరాదు. ఇన్ని పరీక్షలకు నిలిచి నేయుచున్నవారిలో ఎక్కువమంది పల్లెటూరి స్త్రీలే. 2022లో ఈ సవరణ తమ పొట్టకొట్టునని ఆ సంఘమువారు బహిరంగముగా నిరసన తెలిపిరి. విన్నవారు తక్కువ.

సంబంధ మిచ్చటనే యున్నది. ఖద్దరుకు మనదేశమున నిశ్చయముగా దొరకు కొనుగోలుదారు, ఫాషను మారినను, ధర పెరిగినను కొనితీరవలసిన కొనుగోలుదారు ఒక్కటే యుండెను. అది పతాకము. పంచె కట్టువాడు ప్యాంటునకు మారవచ్చును. చీర కట్టునామె వేరొక చీర కొనవచ్చును. జెండాకు వేరు దారి లేకుండెను. ఆ యొక్క పిడికెడు పనినైనను రాట్నమునకు నిశ్చయముగా మిగిల్చిన వాక్యమును కొట్టివేసినవారు, రేపు పొందూరును రక్షింతుమని చెప్పిన మేమేల నమ్మవలెను?

ఎదుటివారి వాదములను మేము దాచము. 2022 ఆగస్టులో ఇరువదికోట్ల యిండ్లపై జెండా ఎగురవేయవలెనని ప్రభుత్వము సంకల్పించెను. అన్ని జెండాలకు కావలసిన ఖద్దరు నేయుట కొలది నెలలలో సాధ్యముగాదు. ఖద్దరు జెండా బీదవాడు కొనలేడు. తపాలాకచ్చేరిలో 25 రూపాయలకు జెండా ఇచ్చినందున గదా గుడిసెపైనను అది ఎగిరినది అని వారందురు. ప్రతిపౌరునికిని జెండా నెగురవేయు హక్కు గలదని 2004లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది గదా యని జోడించుదురు. గుడిసెపై జెండా ఎగురుట మాకును సంతోషమే. కాని పాతనియమావళి బీదవానిని మరచినదా? లేదు. జాతీయదినములందు, ఉత్సవములందు, క్రీడలందు ప్రజలు కాగితపు జెండాలను పట్టవచ్చునని అదియే చెప్పినది. బీదవానికి కాగితము కలదు. పాలియెస్టరును ఎవరికొఱకు తెచ్చిరి? అది కావలసినది బీదవానికి కాదు, గంటకు వేలకొలది గజములు తీయు మిల్లునకు. అంతయేకాదు, 2022 ఆగస్టులో ఆర్థికశాఖవారు పన్నుమినహాయింపు యంత్రపు జెండాకును వర్తించునని స్పష్టపరచిరి. చేతిపనికిని యంత్రమునకును ఒకే తక్కెడ పెట్టి, ఇక పోటీపడుడు అనిరి. రాట్నము ఒకవైపు, మిల్లు ఒకవైపు! ఈ పోటీ ఫలితమును లాంకషైరు కాలముననే మన తాతలు చూచిరి.

ఇరువదికోట్లు నేయలేరు గదా యన్న మాటకు మా ప్రత్యుత్తరము వేరు. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు నిండునని 2022 రాకముందే అందరికిని తెలియును. పంచాంగము చూడనక్కరలేదు. పదియేండ్లముందే పత్తి నాటించి, రాట్నములు పంచి, మగ్గములకు ఆర్డరులిచ్చి, ఆ యిరువదికోట్లలో ఒక పాలునైనను చేతిగుడ్డతో నింపుదుమని సంకల్పించినచో ఎన్ని గ్రామములకు పని దొరకియుండెడిది! అది పని కల్పింపవలసిన సందర్భము. దానిని సరకు అమ్ముకొను సందర్భముగా చేసిరి.

పాలియెస్టరు గట్టిది, వానకు తడిసినను త్వరగా ఆరును, గాలికి చినుగదు అన్నమాట నిజము. దానిని కాదనుట మా యుద్దేశము గాదు. గట్టిదనమే చూడవలసినదైనచో రేకుతో చేసి రంగు పూయవచ్చును. అది ఇంకను గట్టిది. ఉత్సవము ముగిసిన మరునాటి వీథిని చూచినవారికి పాలియెస్టరు గట్టిదనము ఇంకొక విధమునను తెలియును: కాలువలో పడిన జెండా కుళ్ళదు. పత్తిగుడ్డ మన్నులో కలిసిపోవును, కాల్చిన బూడిదయగును. చినిగిన జెండాను ఏకాంతమున, కాల్చిగాని తగిన వేరొక గౌరవప్రదమైన రీతినిగాని నాశనము చేయవలెనని నియమావళి చెప్పుచున్నది. కాల్చి చూడుడు. నల్లగా కరగి ముద్దయగు దానిని చూచి గౌరవమన నేమో తెలిసికొనుడు. దేశమునకు కావలసిన ముడినూనెలో నూటికి ఎనుబదిపాళ్ళకు మించి పరదేశములనుండి తెచ్చుకొనుచున్న మనము, ఆ నూనెతో పుట్టిన గుడ్డపై స్వదేశమును చిత్రించుకొనుచున్నాము.

ఇప్పుడు మనలను మనము కొంచెము తిట్టుకొనక తప్పదు. ప్రభుత్వమును తిట్టుట సులభము. ఈ పత్రికకు అది అలవాటును. పఠనమందిరములో ఈ పుటను బిగ్గరగా చదువు యువకుడు ఇచ్చట నొక్కక్షణ మాగి చుట్టును చూచుగాక. కూర్చున్నవారి చొక్కాలలో చేత వడికిన నూలు ఎన్నిటియందు గలదు? గాంధీజయంతికి ధర తగ్గింతురని ఏడాదంతయు ఎదురుచూచి, ఆ నెలలో నొక్క తువాలు కొని, దానితో మన ఋణము తీరెనని యనుకొనువారము మనము. ఎన్నికలు వచ్చినపుడు తెల్లని మడతబట్ట తొడుగు నాయకులను మనమే ఎన్నుకొనుచున్నాము. ఆ తెలుపు ఏ మిల్లుదో ఎన్నడైన నడిగితిమా? 1923లో నాగపురమున ఈ జెండాకై జనులు చెరసాలలకు పోయినపుడు వారిలో ఆంధ్రులును ఉండిరి. వారు తొడిగినది, పట్టినది ఒకే గుడ్డ. నేడు తొడుగునది వేరు, పట్టునది వేరు, పొగడునది వేరు.

కావున మేమడుగునది పెద్దదేమియు గాదు. కాగితపు జెండా పట్టు బాలుని జోలికి పోవలదు. ఇంటిపై పాలియెస్టరు కట్టిన పొరుగువానిని దూషింపవలదు. కాని సచివాలయము మొదలు గ్రామ పంచాయతి వరకు, న్యాయస్థానము మొదలు ప్రాథమిక పాఠశాల వరకు, ప్రజల పన్నులతో కొను ప్రతిజెండాయు చేత వడికి చేత నేసినదై, ప్రమాణముద్ర గలదై యుండవలెనని 2021 నాటి వాక్యమును మరల సవరింపవలెను. శాసనసభల ఆమోదమునకై ఆగవలసిన పని లేదు. ఉత్తరువుతో పోయినది ఉత్తరువుతో తిరిగి రాగలదు. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములు కేంద్రముకొఱకు ఎదురుచూడనక్కరయు లేదు. తమ కచ్చేరులకు తాము కొను జెండాలు ఖద్దరువేనని తామే నిశ్చయించుకొనవచ్చును. పాతగుడ్డను నిషేధించిన నియమమేదియు నేటికిని లేదు.

అంతవరకు ప్రతి గ్రంథాలయ సంఘమును, పఠనమందిరమును తన జెండానైనను తాను సరిచూచుకొనవచ్చును. ఈ ఆగస్టునకు జెండా కొనబోవు కార్యదర్శి అంగడివాని నొక్క ప్రశ్న అడుగవలెను: అయ్యా, ఈ నూలు ఎవరు వడికిరి? పాలియెస్టరు జెండా అమ్మువాడు దానికి జవాబు చెప్పలేడు. చెప్పలేనిచో కొనక తిరిగి రావలెను. దగ్గరి ఖాదీభాండారమునకు పోయి అడుగవలెను. అచ్చట లేకున్న హుబ్బళ్ళికి వ్రాసి తెప్పించుకొనవలెను. తపాలు పోవుటకు వారము పట్టును గనుక జూలైలోనే వ్రాయుట మంచిది.